140 ఎంబీ అని రాసుండే కార్డు పెట్టినా ఫోర్‌కే వీడియో ఎందుకు ఆగిపోతాంది? గుత్తి తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వడిగింది రెండుసార్లు చదివినా. కెమెరా కెనాన్ 200డి మార్క్ టూ, దాంట్లో ఎస్‌డీ మెమరీ కార్డు 128 జీబీ, దాని మీద పెద్దక్షరాలతో 140 ఎంబీ అని ఉంది, ఫొటోలు బాగానే వస్తాండాయి గానీ ఫోర్‌కే వీడియో పెడితే రొంతసేపటికే దానంతటదే ఆగిపోతాంది, వచ్చే నెల తాడిపత్రిలో మీ మామ కూతురి పెండ్లి నువ్వే తీయాల, అందుకని 256 జీబీది ఇంకా స్పీడుండేది కొనాలా అని అడిగినావు. కార్డు కొనాల్సిందేలే, కానీ 256 వద్దు, ఇంకా పెద్ద నంబరు ఉండేదీ వద్దు. ఎందుకో చెప్తా, పొడుగైతాది, టీ పెట్టుకోని చదువు.

నేను కడపలో పద్నాలుగేండ్లుగా పెండ్లిండ్లు తీస్తాండా. లెన్సుల గురించి గంటలు గంటలు వాదించుకుంటాం గానీ కార్డు దగ్గరికొచ్చే సరికి కౌంటర్ ముందర నిలబడి "స్పీడుది ఒకటి ఇయ్యన్నా" అని తెచ్చుకుంటాం, నేనూ అంతే చేసినా శానా రోజులు.

నీ కార్డుకు జబ్బేమీ లేదు. ఆ 140 అనేది కార్డులో నుంచి కంప్యూటర్‌లోకి సెకనుకు తోడుకునే స్పీడు. పక్కన చీమ తలకాయంత అక్షరాలతో "అప్ టు" అని కూడా ఉంటాది చూడు. నీ కెమెరాకు కావాల్సింది కార్డులోకి పోసే స్పీడు. తొట్టిలో నీళ్ళు బిందెతో బిన్న తోడుకోవచ్చు అంటే బోరు నీళ్ళు తొట్టిలోకి బిన్న పడతాయని కాదు గదా, అనంతపురం జిల్లా వాడివి నీకు బోరు సంగతి నేను చెప్పాలా. అట్లనే ఆ రెండు స్పీడులకీ సంబంధం లేదు, పోసే స్పీడు తక్కువ కాబట్టి డబ్బా ముందర దాన్ని వేయరు.

ఇంకో తమాషా ఏందంటే నీ కార్డు మీద రోమన్ ఒకటి గుర్తు, ఒక నిలువు గీత ఉంటాది చూడు, అది యూహెచ్ఎస్ వన్ అని, ఆ రకం దారిలో ఎంత మొత్తుకున్నా సెకనుకు 104 ఎంబీ మించి పోదు. మరి 140, 170, 200 అని ఎట్ల రాస్తారంటే ఆ కంపెనీలు సొంతంగా ఒక కిటుకు పెట్టుకున్నాయి, దానికి సరిపోయే కార్డ్ రీడర్ ఉంటేనే ఆ నంబరు వస్తాది. కెమెరాలో పెడితే ఆ కిటుకు పనిచేయదు. అంటే డబ్బా మీద పెద్దక్షరాలు మిక్సింగ్, అంటే ఎడిటింగ్, చేసేవానికి పనికొస్తాయేమో గానీ షూటింగులో ఉండే నీకు దాంతో పన్లేదు.

ఇప్పుడు కార్డు తీసి చేతిలో పట్టుకోని చూడు. యూ అక్షరం లోపల ఒక అంకె ఉంటాది, 1 గానీ 3 గానీ. సి అక్షరం లోపల 10 ఉంటాది. కొన్నిటి మీద వీ పక్కన 10, 30, 60, 90 ఇట్ల ఉంటాది. చూడాల్సింది ఇవే. ఇవి "ఎంత మందగించినా ఇంతకంటే తగ్గను" అని కార్డు ఇచ్చే మాట. సి10, యూ1, వీ10 మూడూ ఒకటే, సెకనుకు 10 ఎంబీ. యూ3, వీ30 రెండూ ఒకటే, 30 ఎంబీ. వీ60 అంటే 60, వీ90 అంటే 90. నువ్వు రాసిందాన్ని బట్టి నీది యూ1 కార్డు, పందెం కాస్తా.

లెక్క చూడు. నీ కెమెరా ఫోర్‌కే తీసేటప్పుడు సెకనుకు సుమారు 120 మెగాబిట్లు కక్కుతాది. శానా మంది ఈడనే పప్పులో కాలేస్తారు, బిట్లు వేరు బైట్లు వేరు, ఎనిమిది బిట్లకు ఒక బైటు, 120ని ఎనిమిదితో భాగిస్తే 15. అంటే సెకనుకు 15 ఎంబీ, నిమిషానికి 900 ఎంబీ, ఆపకుండా పోయాల. నీ కార్డు మాటిచ్చింది 10కే. కొత్తలో ఖాళీగా ఉన్నప్పుడు అది 25, 30 కూడా పోస్తాది, అందుకే ఫార్మాట్ కొట్టినాక రొంతసేపు బాగానే నడిచినట్లు అనిపిస్తాది. తర్వాత ఆడొకటి ఈడొకటి ఫొటోలు డిలీట్ చేసి, మళ్ళీ తీసి, లోపలంతా ముక్కలు ముక్కలు అయినాక, కార్డు పాత గదులు తుడుచుకుంటా కొత్తవి రాసుకుంటా ఉండాల, అప్పుడు మందగిస్తాది. ఈసారి వీడియో పెట్టినప్పుడు స్క్రీన్ కుడి పక్క చూడు, మెట్లు మెట్లుగా ఒక గుర్తు వస్తాది, కార్డు మందగిస్తే ఆ మెట్లు ఒక్కొక్కటే పైకి ఎక్కుతాయి, నిండిపోయినాయంటే రికార్డింగ్ కట్. నీకు జరుగుతాండేది అదే. కెనాన్ మాన్యువల్‌లో కూడా ఫోర్‌కేకు యూ3 అనే అడిగినారు.

కాబట్టి నీకు కావాల్సింది వీ30, లేదంటే యూ3. అంతే. 15 అడిగే కెమెరాకు 30 గ్యారంటీ ఇచ్చే కార్డు, రెండింతలు. వీ60, వీ90 కొంటే నీ కెమెరాలో ఒక్క రూపాయి ఫలితం కూడా కనిపించదు. ఆ కార్డులు యూహెచ్ఎస్ టూ, వెనకవైపు రెండు వరుసల్లో పిన్నులు ఉంటాయి, 312 ఎంబీ దాకా పోయే దారి అది, కానీ నీ 200డి స్లాట్‌లో ఒక వరుస పిన్నులే. పెడితే పనిచేస్తాది, ఒక వరుసతోనే పనిచేస్తాది, మూడింతల డబ్బు మాత్రం పోతాది. సోనీ ఏ7 త్రీలో కూడా రెండు స్లాట్లుంటే ఒకటో స్లాటే యూహెచ్ఎస్ టూ, రెండోది వన్, అది తెలీక ఖరీదు కార్డు రెండో దాంట్లో పెట్టుకోని తిరిగేటోళ్ళు నాకు తెలుసు. 2012లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ త్రీ అయితే ఇంకా ఘోరం, దాని ఎస్‌డీ స్లాట్ యూహెచ్ఎస్ వన్ కూడా పట్టదు. మొదట కెమెరా ఏం పట్టుకుంటాదో చూసుకోవాల, తర్వాతే అంగడికి పోవాల.

శాన్‌డిస్క్ తీసుకునేటట్లయితే ఒక మాట, అల్ట్రా అనే పేరు విని అదే అన్నిటికంటే పైది అనుకుంటారు అందరూ, నేనూ అనుకున్నా. ఎక్స్‌ట్రీమ్ దాని పైది, ఎక్స్‌ట్రీమ్ ప్రో ఇంకా పైది. నీకు ఎక్స్‌ట్రీమ్ చాలు. లెక్సార్, సోనీ, కింగ్‌స్టన్ ఏదైనా సరే వీ30 గుర్తు చూసి తీసుకో, పేరు తర్వాత. ఏ1, ఏ2 అని కూడా కొన్నిటి మీద ఉంటాది, అది ఫోన్లో యాప్‌లు నడిపేదానికి, కెమెరాకు సంబంధం లేదు, దానికోసం అదనంగా ఇచ్చే పని లేదు.

ఫొటోల సంగతి కూడా చెప్పాల, ఎందుకంటే పెండ్లిలో అసలు నొప్పి ఈడ వస్తాది. నీ కెమెరా సెకనుకు 5 ఫొటోలు కొడతాది. రా ఫైలు, అంటే కెమెరా చూసింది చూసినట్లే దాచే పెద్ద ఫొటో ఫైలు, ఒకటి సుమారు 28 ఎంబీ. అంటే సెకనుకు 140 ఎంబీ, ఏ యూహెచ్ఎస్ వన్ కార్డూ అంత తాగలేదు. అందుకే కెమెరా లోపల చిన్న గుంత లాంటిది, బఫర్ అంటారే అది, దాంట్లో పడతాయి, ఆడ నుంచి కార్డులోకి పోతాయి. పది చిల్లర రా ఫైళ్ళకు గుంత నిండుతాది. ఇంక ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటా ఉంటాది, షట్టర్ నొక్కితే ఒక్కొక్కటే దగ్గుతా పడతాది. 40 ఎంబీతో రాసే కార్డయితే ఆ పది ఫైళ్ళు దిగేదానికి ఏడు సెకన్లు, 80తో రాసేదయితే మూడున్నర. ఏడు సెకన్లు అంటే ఏముందిలే అనుకుంటావు. మేళం ఎత్తుకుంటాడు, అక్షింతలు పడతాంటాయి, మొదటి ముడికే నువ్వు గబగబా పన్నెండు కొట్టేసుంటావు, రెండో ముడికి లైటు మిణుకుతాంటాది, మూడో ముడి వేసేటప్పుడు ఆడపడుచు చెయ్యి అడ్డం వచ్చి తీసేసేలోపల పెండ్లికూతురు తలెత్తి చూస్తాది చూడు, సరిగ్గా అప్పుడు నీ కెమెరా పలకదు. నాకు ఒకసారి ఇట్లనే అయింది, ఆ పెండ్లికూతురు తండ్రి ఆల్బం మూడుసార్లు తిప్పి "తాళి కట్టే ఫొటోలో అమ్మి ముఖం యాడ నాయనా" అని అడిగినాడు. ఏం చెప్తాం.

దీనికి కార్డు ఒక్కటే మందు కాదు. నీ కెమెరాలో సీ-రా అని ఉంటాది, రా లాంటిదే, సైజు బాగా తక్కువ, అది పెట్టుకో. మూడు మూడుగా కొట్టు, వేలు తీయకుండా నొక్కొద్దు. దానికి తోడు 80, 90తో రాసే కార్డు ఉంటే నీకు ఇబ్బందే రాదు. ఆ రాసే స్పీడు డబ్బా ముందర ఉండదు, వెనకో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో "రైట్" అని వెతికితే కనిపిస్తాది. ఒకే పేరుతో వచ్చే కార్డులో కూడా 64ది ఒక స్పీడు 128ది ఇంకో స్పీడు ఉంటాదప్పా, అది కూడా చూసుకో.

ఇంక సైజు. 256 ఒకటి కొంటే మార్చే పని ఉండదు అంటాండావు. నీ కెమెరాకు ఉండేది ఒకటే స్లాట్. పెండ్లికొడుకును చేసింది, ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అంతా ఒక గోరంత ప్లాస్టిక్ ముక్కలో పెట్టి జేబులో వేసుకుంటావా? 64 జీబీవి మూడు తీసుకో. 64లో ఫోర్‌కే వీడియో గంటా పది నిమిషాలు పడతాది, ఫొటోలైతే రా, జేపెగ్ రెండూ పెట్టుకున్నా పదిహేడు వందల దాకా వస్తాయి. రాత్రి రిసెప్షన్ ఒకదాంట్లో, తెల్లవారుజాము ముహూర్తం ఒకదాంట్లో, తక్కినవి మూడో దాంట్లో. ముహూర్తానికి గంట ముందు కార్డు సగమే నిండినా సరే మార్చేయి, తాళి టైముకు కార్డు నిండిందనే మాట రాకూడదు. మార్చిన కార్డు బ్యాగులో ఊర్కే పడేయొద్దు, చిన్న డబ్బాలో తలకిందులుగా పెట్టు, తలకిందులుగా ఉంటే వాడేసింది అని నాకు గుర్తు, నువ్వు ఏదో ఒకటి పెట్టుకో. 32 జీబీవి చీప్‌గా వస్తాయని వాటికి పోవద్దు, వాటిల్లో ఫైల్ సిస్టం పాతది, వీడియో 4 జీబీ దాటితే ముక్కలు చేస్తాది, మిక్సింగ్‌లో అతికించుకోవాల. 64 నుంచి పైన ఆ బాధ లేదు.

ఇంకోటి, 64 కొంటే కంప్యూటర్‌లో 59 చిల్లర చూపిస్తాదని మోసం అనుకోవద్దు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తాది, విండోస్ 1024తో లెక్కేస్తాది, తేడా అదే.

అసలు మోసం వేరే ఉంటాది. 2015లో ప్రొద్దుటూరులో ఒక తాంబూలాల ఫంక్షన్ తీసినా, ముందు రోజు హడావుడిలో ఒక చిన్న అంగట్లో 64 కార్డు సగం ధరకే ఇస్తాంటే తీసుకున్నా, బిల్లు కూడా అడగలా. కెమెరాలో పెడితే 64 అనే చూపించింది, తీసేటప్పుడు ప్రతి ఫొటో స్క్రీన్ మీద కనిపించింది. ఇంటికొచ్చి కాపీ చేస్తే మొదటి రెండు మూడు వందలు బాగున్నాయి. ఆ తర్వాతవి చిన్న బొమ్మ కనిపిస్తాది, తెరిస్తే పైన నాలుగు వేళ్ళంత పెండ్లికొడుకు తలపాగా, కింద అంతా బూడిద రంగు. ఎన్ని తెరిచినా అదే. తర్వాత తెలిసింది, లోపల ఉండేది 8 జీబీ అంతే, కార్డులో ఉండే చిప్‌కు 64 అని అబద్ధం చెప్పమని నేర్పించినారు, 8 నిండినాక పోసిందంతా గాల్లోకి పోతాది, కెమెరాకు ఆ సంగతి తెలీదు. ఆ ఇంటోళ్ళకు నేను డబ్బు వాపసు ఇచ్చినా, వాళ్ళు తీసుకోలా, ఆ తీసుకోకపోవడమే ఇంకా మంటగా ఉండింది.

అప్పటి నుంచి ఏ కార్డు కొన్నా, ఎంత పెద్ద షోరూంలో కొన్నా, ఒక పూట పరీక్ష పెడతా. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని చిన్న ప్రోగ్రాం ఉంది, ఒక జర్మన్ కంప్యూటర్ పత్రిక వాళ్ళది, ఉచితం. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఓపెన్ చేస్తే భాష జర్మన్‌లో ఉంటాది, పైన ఇంగ్లీషు నొక్కు. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు, టార్గెట్ కార్డును చూపించి, రైట్ ప్లస్ వెరిఫై కొట్టి నీ పని చూసుకో. అది కార్డు మొత్తం ఒక్కో జీబీ ఫైళ్ళతో నింపి, మళ్ళీ మొదటి నుంచి చదివి సరిచూస్తాది. చివర ఎర్రర్లు లేకుండా ముగిసింది అని వస్తే కార్డు ఒరిజినల్, ఎంత స్పీడుతో రాసిందో కూడా చూపిస్తాది, రీడర్ మంచిదైతే ఆ నంబరు కూడా నమ్మొచ్చు. డ్యూప్లికేట్ అయితే ఇన్ని జీబీ పోయింది అని తేటతెల్లంగా రాస్తాది. లైనక్స్, మ్యాక్ వాళ్ళకు ఎఫ్3 అని ఇట్లాంటిదే ఉంది. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవాని పేరు చూడు, వాపసు గడువు ఎన్ని రోజులో చూడు, ఆ గడువు లోపలే పరీక్ష చేయి. పెండ్లి ముందు రోజు కొనొద్దు, ఈ వారమే కొను.

ఫోన్లలో వేసే చిన్న మైక్రో ఎస్‌డీ కార్డును అడాప్టర్‌లో పెట్టి వాడొచ్చా అని కూడా అడిగినావు. వాడొచ్చు, నేను వాడను. ఆ అడాప్టర్ లోపల రేకులు రొంత వంగినా కెమెరా "కార్డు లేదు" అంటాది, అది కూడా ఎప్పుడంటే అప్పుడు. తాడిపత్రి అంటే బండల పాలిష్ దుమ్ము సంగతి నీకు తెలిసిందే, బయట నిలబడి కార్డు మార్చొద్దు, లోపలికి పోయి, చెమట చేతులు తుడుచుకోని మార్చు. ఎండకు కార్డు చెడిపోతాదేమో అని భయపడొద్దు, మామూలు కార్డులు 85 డిగ్రీల దాకా పనిచేస్తాయని కంపెనీలే రాస్తాయి, మన మే నెల దానికి లెక్కలోది కాదు, ముందు మనం పడిపోతాం.

కార్డు పక్కన ఉండే లాక్ బుడిపె ఊడిపోతే "రైట్ ప్రొటెక్ట్" అని మొరాయిస్తాది, అప్పుడు ఆ సందు మీద చిన్న సెల్లోటేప్ ముక్క అంటిస్తే ఆ పూటకు గడిచిపోతాది. తర్వాత దాన్ని పెండ్లిండ్లకు వాడొద్దు.

ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే కొట్టు, కంప్యూటర్‌లో వద్దు, ఫొటోలు ఒక్కొక్కటి డిలీట్ చేసుకుంటా కూర్చోనేది అసలే వద్దు. ఒకవేళ పొరపాటున తీసినవాటి మీదే ఫార్మాట్ కొట్టినావనుకో, గుండె జల్లుమంటాది నిజమే, కానీ ఆ క్షణమే కార్డు బయటికి తీసి లాక్ వేసి జేబులో పెట్టుకో. మామూలు ఫార్మాట్‌లో ఫొటోలు చెరిగిపోవు, వాటి చిరునామాలే పోతాయి, ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా ఉంటే ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో శానావరకు వెనక్కి వస్తాయి. "ఏముందిలే ఇంకో నాలుగు తీస్తాం" అని తీసినావా, సరిగ్గా వాటి మీదనే కొత్తవి రాసేస్తాది. ఫొటోలు బూడిద రంగులో వచ్చిన ఆ డ్యూప్లికేట్ కార్డు మీద మాత్రం ఈ మందు పనిచేయదు, ఆడ అసలు రాసిందే లేదు గదా.

నీ దగ్గరుండే 128 కార్డు పారేయొద్దు. ఫుల్ హెచ్‌డీకి, ఫొటోలకు అది శుభ్రంగా పనికొస్తాది, వీ30వి మూడూ వీడియోకీ ముహూర్తానికీ వాడి దీన్ని బ్యాగులో స్పేర్‌గా పెట్టు.

పెండ్లి అయిన రాత్రే కాపీ చేసుకో, ఎంత నిద్ర వస్తాన్నా సరే, రెండు హార్డ్ డిస్కుల్లో. ఆడ నీ పాత కార్డ్ రీడర్ యూఎస్‌బీ టూ అయితే ఒక్కో 64కు అరగంట పైనే పడతాది, యూఎస్‌బీ త్రీ అయితే పన్నెండు పదమూడు నిమిషాల్లో అయిపోతాది, మూడు కార్డులకు లెక్కేసుకో. ఆల్బం వాళ్ళ చేతికి ఇచ్చిందాకా ఆ మూడు కార్డులూ ఫార్మాట్ కొట్టొద్దు. నీ ల్యాప్‌టాప్‌లో లోపల నీలం రంగు ఉండే యూఎస్‌బీ పోర్టు ఉందేమో చూసి చెప్పు, దాన్ని బట్టి రీడర్ ఏది తీసుకోవాలో చెప్తా.